రెండో ఏడాది ఆర్‌ఏకి లామినేషన్ మెషిన్ అవసరమా?

అమెరికాలో కాలేజీ హాస్టల్లో రెసిడెంట్ అసిస్టెంట్‌గా, అదే ఆర్‌ఏగా (ఒక ఫ్లోర్‌లో పిల్లల బాగోగులు చూసుకునే స్టూడెంట్‌గా), నాకిది రెండో ఏడాది. నా ఫ్లోర్‌లో అందరూ ఫస్టియర్ పిల్లలే, నలభై మంది దాకా ఉంటారు. రూమ్‌కీ తిండికీ డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి మానేసే ఆలోచన లేదు. కానీ మొదటి ఏడాది ఊపు ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది? ఆగస్టు ట్రైనింగ్‌లో అవే స్లైడ్లు. రోల్‌ప్లేలో మాత్రం ప్రమోషన్ వచ్చింది: పోయినేడు తలుపు తట్టి బిక్కమొహం వేసిన కొత్త ఆర్‌ఏని నేను, ఈసారి లోపల తాగి గొడవ చేసే స్టూడెంట్ వేషం నాదే. అదయ్యాక కత్తెర పట్టుకుని మళ్లీ నలభై తలుపులకు పేర్ల కార్డులు చేయాలంటే ప్రాణం ఉసూరుమంది.

మీకు స్ఫూర్తినిచ్చేది ఏమిటో వెతుక్కోండి అన్నారు ట్రైనింగ్‌లో. నేను లామినేషన్ మెషిన్ కొనుక్కున్నాను.

బ్రాండ్ సంగతి వదిలేయండి, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకటే. నాది 9 అంగుళాల వెడల్పుది, 30 డాలర్ల పైచిలుకు పడింది. స్విచ్ వేశాక ఐదు నిమిషాలకు పచ్చ లైటు వెలుగుతుంది. కాగితాన్ని లోపల పెట్టే ప్లాస్టిక్ కవరును పౌచ్ అంటారు. దాన్ని అతుక్కుని ఉన్న అంచు ముందు వెళ్లేలా పెట్టాలి, తిరగేస్తే ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నది వదిలించడానికి వెనక చిన్న మీట ఉంటుంది. అది లేని మోడల్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

మందాన్ని బట్టి పౌచ్‌లు ఎక్కువగా 3 మిల్, 5 మిల్ అని దొరుకుతాయి. మన జిరాక్స్ షాపుల్లో 80, 125 మైక్రాన్లు అనేవి దాదాపు ఇవే. 5 మిల్ చేతికి బాగుంటుంది గానీ తలుపుకి పనికిరాదు. మాకు పెయింటర్స్ టేప్ (తీసినప్పుడు రంగు ఊడకుండా వచ్చేది) తప్ప ఇంకేదీ వాడనివ్వరు, ఆ నీలం టేప్ అంత బరువు మోయదు. అర్ధరాత్రి కారిడార్లో కార్డులు టపటపా రాలిపడతాయి. 3 మిల్ చాలు. కత్తిరించేటప్పుడు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వదలండి, లేదంటే పొరలు విడిపోతాయి.

అసలు లాభం ఏమిటంటే, పేరు రాసేచోట ఖాళీ వదిలి లామినేట్ చేస్తే ఆ కార్డుతో ఏడాదంతా గడిచిపోతుంది. హౌసింగ్ ఆఫీసు లిస్టులో ఉండేవి సర్టిఫికెట్ పేర్లు. పిల్లలేమో దిగీదిగగానే “నన్నెవరూ అలా పిలవరు” అంటారు. అక్టోబరు వచ్చేసరికి రూమ్‌మేట్‌తో పడక కొందరు గదులు మారతారు. చెరిపి రాసుకోవడమే. మామూలు వైట్‌బోర్డ్ మార్కర్ అయితే బ్యాగు తగిలినా చెరిగిపోతుంది, తడిగుడ్డకు మాత్రమే చెరిగే మార్కర్ కొనండి. మనలా ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు కదా. ఆ గంటలన్నీ కత్తెర పనికే తగలేస్తే ఎవరికైనా విసుగే.

నేను అనుకోని లాభం ఇంకోటుంది. తలుపు తీసిపెట్టి మెషిన్ ఆన్ చేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఎక్కువగా కెమిస్ట్రీ ఫార్ములా షీట్లు పట్టుకొస్తారు. ఒకబ్బాయి వాళ్ల అమ్మమ్మ చేత్తో రాసిన యాపిల్ పై రెసిపీ కార్డు తెచ్చాడు. జిడ్డు మరక ఉన్నచోట ప్లాస్టిక్ అతుక్కోదు, తెల్లగా బుడగలా ఉండిపోతుందని ముందే చెప్పాను. “పర్లేదు, ఆ మరక కూడా అమ్మమ్మదే” అన్నాడు. పచ్చ లైటు వచ్చేలోపు, రూమ్‌మేట్ తనతో మాట్లాడటం మానేశాడన్న సంగతి బయటపెట్టాడు. కార్డు చేతికొచ్చాక కూడా కదల్లేదు. పోయినేడు ఇలాంటి నాలుగు మాటల కోసం అపాయింట్‌మెంట్లు పెట్టి, అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లేదాన్ని. ఈ ఏడాది ఉద్యోగం మళ్లీ నచ్చుతోందంటే ఇదే కారణం.

అయితే, తెచ్చిన ప్రతిదీ అందులో పెట్టకండి. షాపు రసీదుల్లాంటి థర్మల్ కాగితం వేడికి నల్లబడిపోతుంది. ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబరు ఉండే సోషల్ సెక్యూరిటీ కార్డు లామినేట్ చేయొద్దని దాన్నిచ్చే సంస్థే చెబుతుంది. పదో తరగతి మెమో చేతికి రాగానే లామినేషన్‌కి పరిగెత్తే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకిది కొంచెం కష్టమే.

లోపాలూ ఉన్నాయి. 11×17 అంగుళాల పోస్టర్ పట్టదు. గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన. లామినేట్ చేసిన కాగితం రీసైక్లింగ్‌కి పనికిరాదు, ఆ విషయం ఫ్లోర్‌లో ఒకమ్మాయి నాకు వారం వారం గుర్తుచేస్తుంది. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌లో కొవ్వొత్తులు, రూమ్ హీటర్లు పట్టుకునేది నేనే కాబట్టి, దీనికి ముందే హాల్ డైరెక్టర్ని అడిగి పర్మిషన్ తీసుకున్నాను. ఇక తెల్లవారుజామున ఫైర్ అలారం మోగి, మంచులో అందర్నీ బయట నిలబెట్టి లెక్కపెట్టే రోజు ఏ మెషినూ ఊపునివ్వదు. ఐదుకి నాలుగు ఇస్తాను.

పక్క బిల్డింగ్‌లో ఈ ఏడాదే ఆర్‌ఏగా చేరిన తెలుగు కుర్రాడు “అక్కా, నేనూ కొననా?” అని అడిగాడు. “ఇప్పుడే వద్దురా, ముందు మీ రిసోర్స్ రూమ్‌లో, అదే ఆర్‌ఏలు వాడుకునే సామాన్ల గదిలో, ఉందేమో చూడు” అన్నాను. ఉంటే అదే వాడుకోవచ్చు. ఆ రూమ్ ఆఫీసు టైమ్‌లోనే తెరుస్తారంటే, అప్పుడు కూడా వచ్చే ఏడాది కూడా ఆర్‌ఏగా ఉంటేనే సొంతది కొనుక్కోవాలి. పౌచ్‌లకైతే బిల్డింగ్ బడ్జెట్‌లోంచి ఇప్పుడే అడగొచ్చు, మా వాళ్లు అడగ్గానే ఇచ్చారు.