నిజాంపేట రోడ్డులో కొత్త జిమ్: చేరొచ్చు, కానీ వెళ్ళిన రోజే డబ్బు కట్టకండి

ముందే చెప్పేస్తున్నా, జిమ్ బాగుంది. మెషీన్లన్నీ కొత్తవి, డంబెల్స్ రెండున్నర కిలోల నుంచి నలభై దాకా జతలు జతలుగా ఉన్నాయి, లేడీస్ బాత్రూమ్‌లో రోజంతా నీళ్ళొస్తాయి (వేసవిలో మా ఏరియా సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది). మరి నా రివ్యూలో మూడు స్టార్లే ఎందుకిచ్చానంటే, ఆ మెషీన్ల దాకా వెళ్ళాలంటే ముందు ఒక సేల్స్ టేబుల్ దాటాలి. అక్కడ కూర్చోబెట్టి మన చేత సంతకం పెట్టించేదాకా వదలరు. పేరు రాయడం లేదు. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా నేనూ మా తోడికోడలూ తిరిగిన జిమ్‌లన్నిట్లో దాదాపు ఇదే తంతు, టేబుల్ మీద పువ్వులు మాత్రం వేరు. కాబట్టి ఏ జిమ్‌కి వెళ్ళేముందైనా ఇది చదువుకుని వెళ్ళండి.

మొదటి చిరాకు రేటు దగ్గరే. ఎక్కడా బోర్డు ఉండదు. ఫోన్ చేసి నెలకి ఎంతండీ అని అడిగితే "మేడమ్, ఒకసారి విజిట్ చేయండి, మీ గోల్‌ని బట్టి ప్లాన్ ఉంటుంది" అంటారు. నా గోల్ ఏదైతే ట్రెడ్‌మిల్‌కి ఎందుకు, అది అందరికీ ఒకేలా తిరుగుతుంది కదా. సరే అని వెళ్తే ముందు పేరు, ఫోన్ నంబరు, ఎక్కడ పని చేస్తారు, సొంత ఇల్లా అద్దె ఇల్లా అని ఒక ఫారం. చివరి రెండు ప్రశ్నలు మన ఆరోగ్యానికి కాదు, మన దగ్గర ఎంత గుంజవచ్చో చూసుకోవడానికి. నేను ఆ గడులు ఖాళీగా వదిలేశాను, ఎవరూ ఏమీ అనలేదు. మీరూ వదిలేయండి.

తర్వాత బాడీ అనాలిసిస్. ఫ్రీ అంటారు. పాదాల కింద, చేతుల్లో మెటల్ ప్లేట్లు ఉన్న మెషీన్ మీద నిలబెడతారు, అది ఒంట్లోకి చాలా చిన్న కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూసి కొవ్వు ఇంత, కండ ఇంత అని లెక్క కట్టి స్లిప్పు ఇస్తుంది. అంటే అది కొవ్వుని నేరుగా కొలవదు, అంచనా వేస్తుంది, ఆ అంచనా మనం ఎంత నీళ్ళు తాగాం, ఎప్పుడు తిన్నాం, కాసేపటి ముందు చెమట పట్టేలా నడిచామా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఈ మాట అక్కడ ఎవరూ చెప్పరు. మా తోడికోడలికి ముప్పై ఆరేళ్ళు, స్లిప్పులో "బాడీ ఏజ్ 51" అని వచ్చింది. ప్లాన్లు అమ్మే కౌన్సిలర్ అబ్బాయి దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఏమీ మాట్లాడకుండా ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు ట్రైనింగ్‌లో నేర్పిస్తారనుకుంటా. ఆ తర్వాత షుగర్, థైరాయిడ్, గుండె, పిల్లలు చిన్నవాళ్ళు కదా మేడమ్, ఇలా సాగింది. ఇందులో అంతా అబద్ధమే అని నేననను. మన దేశంలో డాక్టర్లు బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అనే లెక్క చూస్తారు, ఆ లెక్కన మా ఇద్దరికీ వ్యాయామం కావాల్సిందే. ఆ నిజాన్ని పట్టుకుని మనిషిని భయపెట్టి, ఆ భయం చల్లారకముందే కార్డు గీయించుకోవడం, అదీ నాకు నచ్చనిది. డాక్టరైతే కనీసం రిపోర్టు ఇచ్చి ఇంటికి పంపిస్తాడు, ఇక్కడ ఆ స్లిప్పు కూడా చేతికివ్వరు, "జాయిన్ అయ్యాక ఫైల్‌లో పెడతాం" అంటారు.

ఇక టేబుల్. లామినేషన్ చేసిన కాగితం ఒకటి తీస్తాడు, దాని మీద ఏడాదికి 30,000 కొట్టేసి 22,000, అదీ కొట్టేసి 14,999. ఏ రోజు, ఎవరి దగ్గర ఆ ముప్పై వేలు తీసుకున్నారో దేవుడికే తెలియాలి. మేం వెళ్ళింది డిసెంబర్ చివర్లో, "న్యూ ఇయర్ ఆఫర్ మేడమ్, ముప్పై ఒకటి రాత్రి తొమ్మిది వరకే, రేపొస్తే సిస్టమ్ తీసుకోదు" అన్నాడు. సిస్టమ్ భేషుగ్గా తీసుకుంది. జనవరి మొదటి వారంలో అదే 14,999 సంక్రాంతి ధమాకా అయింది, పండగ అయ్యాక రిపబ్లిక్ డే స్పెషల్ అయింది, నెలాఖరుకి వాట్సాప్‌లో 11,999కి దిగింది. పండగ పేరు మారుతుంది, గాలిపటం బొమ్మ తీసి జెండా బొమ్మ పెడతారు, అంతే. నెలాఖరున రేటు ఎందుకు దిగుతుందంటే ఆ అబ్బాయికి టార్గెట్ ఉంటుంది కాబట్టి. డిగ్రీ చదివి వచ్చిన పిల్లాడు, ఇన్ని మెంబర్‌షిప్‌లు చేయకపోతే ఇన్సెంటివ్ రాదు, పైన మేనేజర్ తిడతాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ అతని టార్గెట్ నా పర్సుతో నింపాల్సిన అవసరమూ లేదు.

ఇంకొన్ని విద్యలు. "ఇంట్లో ఒకసారి అడిగి చెప్తాం" అన్నాను. వెంటనే "మీ హెల్త్ గురించి కూడా సార్‌ని అడగాలా మేడమ్?" అన్నాడు. ఎంత తెలివి చూడండి, కట్టకపోతే మొగుడి చాటు పెళ్ళాం, కడితే ఆధునిక మహిళ. నేను నవ్వి "అడగాల్సింది సార్‌ని కాదు బాబూ, మా పనమ్మాయిని, పొద్దున్నే ఆమె వచ్చే టైమ్‌ని బట్టి నా టైమ్" అన్నాను. నిజంగానే అదే మా సమస్య. ఆ ముక్కకి అతని స్క్రిప్టులో జవాబు లేదు. తర్వాత మేనేజర్‌ని అడిగొస్తానని అద్దాల గదిలోకి వెళ్ళాడు, లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు తల ఊపుకున్నారు, బయటికొచ్చి "మీ కోసం స్పెషల్‌గా ఒక నెల ఎక్స్‌ట్రా ఇప్పించాను" అన్నాడు. పక్క టేబుల్ ఆవిడకి కూడా ఆ స్పెషల్ నెల దొరికింది, మేం విన్నాం.

డబ్బు లేదంటే ఈఎమ్ఐ. "నెలకి 1,250 మాత్రమే, రోజుకి ఒక టీ ఖర్చు కూడా కాదు మేడమ్" అంటూ మన ఫోన్ అడిగి, అందులో ఒక ఫైనాన్స్ యాప్ వేసి, పాన్ నంబరు, ఆధార్ ఓటీపీ దాకా తీసుకెళ్ళిపోతారు. ఇక్కడ కాస్త ఆగండి. అది జిమ్‌కి నెలనెలా కట్టే ఫీజు కాదు, మీ పేరు మీద తీసుకునే అప్పు. ఫైనాన్స్ కంపెనీ ఆ డబ్బు జిమ్‌కి ముందే ఇచ్చేస్తుంది, మీరు వెళ్ళడం మానేసినా, రేపు జిమ్మే మూతపడినా, కిస్తీ మీ ఖాతాలోంచి పోతూనే ఉంటుంది, ఆపితే సిబిల్ స్కోరు (అప్పిచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది. జిమ్‌లు మూతపడటం అరుదు అనుకోకండి, తల్వాల్కర్స్ అంత పాత, పెద్ద జిమ్ సంస్థే 2019లో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. వీధి చివర పై అంతస్తు అద్దెకి తీసుకున్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా.

టోకెన్ అమౌంట్ అనే గాలం ఇంకొకటి. "ఇవాళ 1,000 కట్టి ఆఫర్ లాక్ చేసుకోండి, నచ్చకపోతే రిఫండ్" అని నోటితో చెప్తారు, రసీదు వెనక చిన్న అక్షరాల్లో నాన్ రిఫండబుల్, నాన్ ట్రాన్స్‌ఫరబుల్ అని ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో పైఫ్లోర్ ఆవిడ కట్టింది, కానీ గట్టి మనిషి, కట్టే ముందే "వద్దనుకుంటే తిరిగి ఇస్తారు కదా" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి వాళ్ళ చేత "ఎస్ మేడమ్" అనిపించుకుంది. తర్వాత ఇవ్వం అన్నారు. ఆ స్క్రీన్‌షాట్ పంపి, 1915కి ఫోన్ చేస్తున్నా అని రాసింది. డబ్బు వచ్చేసింది. 1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు విషయమైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, ఈ-జాగృతి వెబ్‌సైట్లో ఇంట్లోంచే వేయొచ్చు. వెయ్యి రూపాయలకి అంత దూరం ఎవరు వెళ్తారు అంటారా, వాళ్ళ ధైర్యం కూడా అదే.

నాకు బాగా మండింది జీఎస్టీ దగ్గర. కాగితం మీద 14,999 ప్లస్ 18 శాతం అని వేసి, మొత్తం 17,699 అని గుండ్రంగా రాసి నా వైపు తిప్పాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌లు, సెలూన్లు, యోగా సెంటర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పేపర్లలో అంత పెద్దగా వచ్చింది. ఐదు శాతం లెక్కన 15,749 అవ్వాలి. దాదాపు రెండు వేల తేడా. అడిగితే "మా సాఫ్ట్‌వేర్ ఇంకా అప్‌డేట్ కాలేదు మేడమ్" అన్నాడు. అప్పటికి పన్ను తగ్గి మూడు నెలలు దాటింది, ఆఫర్ పేర్లు మాత్రం వారానికోసారి అప్‌డేట్ అవుతున్నాయి మరి. బిల్లు మీద జీఎస్టీ నంబరు వేసి ఇవ్వండి అని ఇంకొంచెం గట్టిగా అడిగేసరికి లెక్క ఐదుకి దిగింది. ఎక్కడికెళ్ళినా ఇది అడగండి. అసలు జీఎస్టీ నంబరే లేని చిన్న జిమ్ అయితే మన దగ్గర ఆ పన్ను వసూలు చేసే హక్కే వాళ్ళకి లేదు.

చివరికి మేం చేసింది ఇదీ. ఆ రోజు ఒక్క రూపాయి కట్టకుండా లేచి వచ్చేశాం (లేస్తున్నప్పుడు మూడోసారి ఆఫర్ తగ్గింది). మళ్ళీ సాయంత్రం ఏడింటికి, చెప్పకుండా వెళ్ళాం. పగలు టూర్ తిప్పినప్పుడు కళకళలాడిన హాల్లో అప్పుడు కాలు పెట్టే సందు లేదు. ట్రెడ్‌మిల్‌కి క్యూ, స్క్వాట్ ర్యాక్ ఒక్కటే, దాని దగ్గర నలుగురు కుర్రాళ్ళు రీల్ తీసుకుంటున్నారు, ఏసీలు సగమే వేశారు. పొద్దున్న పదకొండు తర్వాత మాత్రం ప్రశాంతంగా ఉంది, మాకు కుదిరేదీ అప్పుడే. మీరు ఏ టైమ్‌కి వెళ్ళగలరో ఆ టైమ్‌కే వెళ్ళి చూడండి, వాళ్ళు రమ్మన్న టైమ్‌కి కాదు.

మేం తీసుకున్నది మూడు నెలలది, 6,500. నెల లెక్క చూస్తే ఏడాది ప్లాన్ కన్నా ఎక్కువే, రెండు వేల పైన పడింది. అయినా అదే తీసుకోమంటాను. ఏడాది ప్లాన్ లాభం కావాలంటే కనీసం ఏడెనిమిది నెలలు వదలకుండా వెళ్ళాలి, మధ్యలో పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు, ఎండలు, అత్తగారి మోకాలి ఆపరేషన్. జనవరిలో కట్టినవాళ్ళందరూ మార్చిలో కూడా వస్తే ఆ హాలు చాలదు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే ఏడాది డబ్బు ముందే అడుగుతారు. చేరేముందు ఇంకో మాట రాయించుకోండి: ఊరెళ్తే ఎన్ని రోజులు ఫ్రీజ్ చేస్తారు (అంటే ఆ రోజులు మన గడువులో లెక్కపెట్టకుండా ఆపుతారు), దానికి డబ్బు తీసుకుంటారా అని. మాకు మూడు నెలల్లో పదిహేను రోజులు ఇచ్చారు, వాట్సాప్‌లో తీసుకున్నాం.

చేరాక కూడా అమ్మకం ఆగదు, కాస్త తగ్గుతుంది. రెండో వారం నుంచి పర్సనల్ ట్రైనింగ్, 12 సెషన్లు 9,000. తీసుకోనివాళ్ళకి ఫ్లోర్ ట్రైనర్ వచ్చి చూపించాలి కానీ పిలిస్తేనే వస్తారు. పిలవండి, మొహమాటం వద్దు, ఆ జీతం మన ఫీజులోదే. ఉదయం షిఫ్టులో ఉండే ట్రైనర్ అమ్మాయి మాత్రం బంగారం, నా నడుము నొప్పి సంగతి విని డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పైకెత్తే వ్యాయామం) ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టించింది, తొందర పెట్టలేదు, ఒక్క స్టార్ అచ్చంగా ఆమెకే. ఆ తర్వాత రిసెప్షన్‌లో ప్రోటీన్ పౌడర్ డబ్బాలు. మన తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. ఆ మాట అంటే "అది మామూలు జనానికి మేడమ్" అన్నాడు రిసెప్షన్ అబ్బాయి. మేం మామూలు జనమే బాబూ, గుడ్లు, పప్పు, పెరుగు తింటాం అని వచ్చేశాం.

ఫోన్ల సంగతి. నంబరిస్తే ఇక రోజూ మోతే, అదీ ఒకే నంబరు నుంచి కాదు. నిబంధన ప్రకారం అమ్మకం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి, వీళ్ళు మామూలు సెల్ నంబర్ల నుంచి చేస్తారు. 1909లో డీఎన్‌డీ (అమ్మకం కాల్స్ వద్దని నమోదు) పెట్టుకుని, వచ్చిన కాల్స్ మీద అక్కడే ఫిర్యాదు చేయండి. అంత ఓపిక లేకపోతే "వేరే చోట చేరిపోయాం" అని ఒక్క మెసేజ్ పెట్టండి, ఇది అబద్ధమే కానీ పనిచేస్తుంది. "ఆలోచిస్తున్నాం" అని మాత్రం అనకండి, ఉగాది దాకా ఫోన్లొస్తాయి.

డబ్బు పెట్టాలా వద్దా అని ఇంకా ఊగుతున్నవాళ్ళు ముందు కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ ఉంటే నాలుగు వారాలు అక్కడ చేయండి, పొద్దున్నే లేవగలరో లేదో అక్కడే తేలిపోతుంది. లేవగలిగితే ఈ జిమ్‌కి రండి, మూడు నెలలు అడగండి, ఐదు శాతం జీఎస్టీ, బిల్లు. బండి సెల్లార్‌లో పెట్టుకోవచ్చు, కానీ సాయంత్రం ఆరు దాటితే చోటుండదు, లాకర్‌కి తాళం మీరే తెచ్చుకోవాలి, స్టీమ్ బాత్ ఉందని చెప్తారు కానీ మేం చేరినప్పటి నుంచీ రిపేర్‌లోనే ఉంది.