అటక మీది ట్యాంకా, నేరుగా మెయిన్ లైనా? బ్రిటన్ పాత ఇళ్లలో చన్నీళ్లకు ఏది మేలు?

బ్రిటన్‌లో కొన్ని దశాబ్దాల క్రితం కట్టిన ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు తరచూ చెప్పుకునే ఇబ్బంది ఒకటుంది. వంటింటి కుళాయి తిప్పితే నీళ్లు సింకు దాటి చొక్కా మీద చిందేంత జోరుగా వస్తాయి. మేడ మీది స్నానాల గదిలో మాత్రం షవర్ నుంచి సన్నని ధార తప్ప రాదు. వంటింటి కుళాయికి వీధిలోని మెయిన్ లైను నుంచి నేరుగా నీళ్లు వస్తాయి. స్నానాల గదికి అటక మీది ట్యాంకు నుంచి దిగుతాయి. ఆ ట్యాంకు తీయించి అన్నిటికీ మెయిన్ కలిపేస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు కానీ, అసలు చిక్కు వేన్నీళ్ల దగ్గర ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు అడుగు షవర్ కంటే మీటరున్నర ఎత్తున ఉందనుకుంటే అక్కడ దొరికేది 0.15 బార్ మాత్రమే. మెయిన్ లైనులో చాలాచోట్ల 2 నుంచి 3 బార్ దాకా ఉంటుంది. అయితే ఇంగ్లాండ్, వేల్స్‌లలో నీటి కంపెనీలు హామీగా ఇవ్వవలసిన కనీస ఒత్తిడి ఇంటి హద్దు దగ్గర 7 మీటర్లు, అంటే 0.7 బార్ మాత్రమే. మీ వీధి ఆ కనీస స్థాయిలోనే ఉండి, షవర్ హద్దు కంటే 5 మీటర్ల ఎత్తున ఉంటే, పైకి చేరేసరికి మిగిలేది 0.2 బార్. అంత ఖర్చు పెట్టి దాదాపు ట్యాంకు ఇచ్చినంతే తెచ్చుకున్నట్టవుతుంది.

ఒత్తిడి ఒక్కటే చూసి నిర్ణయించుకోవడం కూడా పొరపాటే. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు గేజీ 3 బార్ చూపించినా, హద్దు నుంచి ఇంట్లోకి వచ్చే గొట్టం పాతకాలపు సీసం గొట్టమో, అరంగుళం ఇనుప గొట్టమో అయితే, లేదా వరస ఇళ్లలో రెండు మూడు ఇళ్లకు కలిపి ఒకటే గొట్టం ఉంటే, కుళాయి తిప్పగానే ఆ జోరు పడిపోతుంది. అందుకే మన స్నానాల గదుల్లో ఎలాగూ ఉండే 10 లీటర్ల బకెట్‌తోనే పరీక్ష చేయవచ్చు. పొద్దున్న అందరూ స్నానాలు చేసే వేళ, నేల అంతస్తులో మెయిన్ మీద ఉన్న కుళాయి కింద పెడితే అది అర నిమిషంలో నిండిందంటే నిమిషానికి 20 లీటర్లు వస్తున్నట్టు, నిమిషం పట్టిందంటే 10 లీటర్లే. ఆ తరువాత రెండో కుళాయి కూడా తిప్పి మళ్లీ కొలవాలి. ఈ రెండో కొలతే అన్నిటికంటే ముఖ్యం.

ట్యాంకును అలాగే ఉంచుకోవడంలో లాభాలు లేకపోలేదు. వీధిలో నీళ్లు ఆగినా కొన్ని గంటలు గడుస్తుంది. చన్నీళ్లు, వేన్నీళ్లు రెండూ ఒకే ట్యాంకు నుంచి, ఒకే ఒత్తిడితో వస్తాయి కాబట్టి ఆ రెంటినీ కలిపి ఒకే ధారగా ఇచ్చే మిక్సర్ కుళాయిలో చక్కగా కలుస్తాయి. 22 మిల్లీమీటర్ల లావు గొట్టం వేసి ఉంటే బాత్‌టబ్ నిండడం కూడా నెమ్మదేమీ కాదు. షవర్ బలహీనంగా ఉండటం, నిలవ నీరు తాగడానికి పనికి రాకపోవడం, చలికాలంలో అటక మీద గొట్టాలు గడ్డకట్టే భయం దీని లోపాలు. షవర్ కోసం పంపు పెట్టించుకోవచ్చు. అది ట్యాంకు నుంచీ, కాచిన నీళ్లు నిలవ ఉంచే పాత్ర అయిన వేన్నీళ్ల సిలిండర్ నుంచీ నీళ్లు లాగుతుంది. దాని చప్పుడు భరించగలగాలి, వరుసగా నలుగురు స్నానం చేసినా ట్యాంకు ఖాళీ కాకుండా ఉండాలి.

చన్నీళ్లను మాత్రమే మెయిన్‌కు మార్చడం రెండో దారి. పని చిన్నదే. చాలా ఇళ్లలో ట్యాంకులోకి ఎక్కే మెయిన్ గొట్టమూ, ట్యాంకు నుంచి స్నానాల గదికి దిగే గొట్టమూ అటక మీద చెయ్యి చాపినంత దూరంలోనే ఉంటాయి. ఆ రెంటినీ ఒక వాల్వ్‌తో కలిపి, ట్యాంకు వైపు గొట్టాన్ని మూసేస్తే మార్పు అయినట్టే. అయితే అదే ట్యాంకు నుంచి వేన్నీళ్ల సిలిండర్‌కు మరొక గొట్టం దిగుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. అంటే ట్యాంకు ఎక్కడికీ పోదు, అటక ఖాళీ కాదు.

వేన్నీళ్లు 0.15 బార్‌తోనూ, చన్నీళ్లు 3 బార్‌తోనూ వచ్చి ఒకే మిక్సర్ షవర్‌లో కలిస్తే, చన్నీళ్లు వేన్నీళ్లను వెనక్కి నెట్టేస్తాయి. ధార వేడెక్కదు సరికదా, నీరు వేన్నీళ్ల గొట్టంలోకి ఎదురెక్కి సిలిండర్ మీదుగా ట్యాంకుకు చేరి అది పొంగవచ్చు. నీరు వెనక్కి పోకుండా చెక్ వాల్వులు పెట్టడం 1999 నాటి నీటి అమరికల నిబంధనల ప్రకారం తప్పనిసరి, కానీ ఆ వాల్వులు ఒత్తిళ్ల తేడాను సరిచేయవు. ఇక్కడి వాష్‌బేసిన్లకు వేడికొకటి, చల్లదానికొకటి వేరువేరు కుళాయిలు ఎందుకని మనవాళ్లు విసుక్కుంటారు గానీ, ఈ మార్పు నిశ్చింతగా చేసుకోగలిగేది అలాంటి ఇళ్లలోనే. షవర్ కూడా తన నీళ్లు తానే కాచుకునే ఎలక్ట్రిక్ షవర్ అయితే మరీ మంచిది. మర్చిపోకుండా చూసుకోవలసినది టాయిలెట్ తొట్టి: అందులో నీరు నిండగానే మూసుకునే ఫ్లోట్ వాల్వ్ తక్కువ ఒత్తిడికి అమర్చినదైతే మెయిన్ తగలగానే అది సరిగ్గా మూసుకోక నీరు కారుతూ ఉంటుంది.

మూడో దారి వేన్నీళ్లను కూడా మెయిన్ ఒత్తిడికి మార్చడం. కాంబీ బాయిలర్ అయితే, అది నీళ్లను నిలవ ఉంచకుండా కుళాయి తిప్పినప్పుడే కాచి ఇస్తుంది కాబట్టి, సిలిండరూ, ట్యాంకూ రెండూ పోతాయి. కానీ 30 కిలోవాట్ల బాయిలర్ నీటిని 35 డిగ్రీలు పెంచి ఇవ్వగలిగేది నిమిషానికి 12 లీటర్లే కనుక రెండు షవర్లు ఒకేసారి నడవవు. రెండు స్నానాల గదులున్న ఇంటికి, ట్యాంకు లేకుండా నేరుగా మెయిన్ నుంచే నిండే అన్‌వెంటెడ్ సిలిండర్ మేలు. దానికి కనీసం 1.5 బార్ ఒత్తిడి, నిమిషానికి సుమారు 20 లీటర్ల ప్రవాహం ఉంటేనే ఫలితం దక్కుతుంది. అది ఒత్తిడితో వేన్నీళ్లు నిలవ ఉంచే పాత్ర కాబట్టి అలాంటి సిలిండర్ల పనికి ఇచ్చే జీ3 అర్హత ఉన్న ప్లంబరే బిగించాలి, భవన నియంత్రణ శాఖకు తెలియజేయాలి, ఏటా తనిఖీ చేయించాలి.

వేరువేరు కుళాయిలు, ఎలక్ట్రిక్ షవర్, ఒకటే స్నానాల గది ఉన్న ఇంటికి చన్నీళ్లు మాత్రమే మార్చుకోవడం చాలు. అంతకు మించి ఖర్చు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. మిక్సర్ షవర్ కావాలంటే సగం మార్పు వద్దు. ప్రవాహం 20 లీటర్లు దాటితే పూర్తిగా మార్చండి, లేకపోతే ట్యాంకును ఉంచి పంపు పెట్టించండి. ప్రవాహం తక్కువైనా పూర్తి మార్పే కావాలనుకుంటే, ముందుగా హద్దు నుంచి ఇంటి దాకా 25 మిల్లీమీటర్ల నీలం ప్లాస్టిక్ గొట్టాన్ని, కనీసం 750 మిల్లీమీటర్ల లోతున వేయించుకోవాలి. మన ఊళ్లలో నిషేధమున్నా చాటుగా సాగే పద్ధతిలో మెయిన్ లైనుకే మోటారు బిగించి లాగుదామంటే ఇక్కడ కుదరదు. నిమిషానికి 12 లీటర్ల కంటే ఎక్కువ లాగే పంపును నీటి కంపెనీకి ముందుగా తెలిపి అనుమతి పొందకుండా సరఫరా గొట్టానికి తగిలించకూడదు.