కాంట్రాక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు: నాలుగేళ్లు వాడాక నా రివ్యూ

కోర్సు అయిన వారంలోనే రాసుంటే ఈ రివ్యూ వేరేగా ఉండేది. అప్పుడు బాగా నచ్చిన పాఠాలు ఇప్పుడు గుర్తు కూడా లేవు. నిద్రొచ్చిన పాఠాలే అన్నం పెడుతున్నాయి.

నేను హైదరాబాద్‌లో ఒక మధ్యరకం నిర్మాణ సంస్థలో బిల్లింగ్ ఇంజనీర్ని. 2021లో మా ఎండీ గారు పిలిచి, "కాంట్రాక్టుల సంగతి కూడా ఇకనుంచి నువ్వే చూసుకో" అన్నారు. అప్పటిదాకా అగ్రిమెంట్ అంటే నాకు తెలిసింది రేట్లు, క్వాంటిటీలు ఉండే బీఓక్యూ పేజీలే. మిగతా 200 పేజీలు లాయర్లు చదువుకునేవి అనుకునేవాణ్ణి. టెన్షన్‌తో వెతికి, ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సులో చేరాను. శని, ఆదివారాల్లో క్లాసులు. ఫీజు రూ.60 వేలు దాటింది, సగం కంపెనీ ఇచ్చింది.

మొదటి రెండు నెలలూ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే. చెప్పిన సారు రిటైరైన ఇంజనీరు, గొంతు మెల్లగా, స్లైడ్లు పాతవి. కానీ సెక్షన్ 55 ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. గడువే ముఖ్యమని రాసుకున్న కాంట్రాక్టులో, ఆలస్యమైన పనిని యజమాని (పని ఇచ్చిన క్లయింట్) ఒప్పుకుంటే, ఒప్పుకునేటప్పుడే నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత అడగడానికి లేదు. గడువు పొడిగిస్తూ క్లయింట్ పంపే ప్రతి లెటర్ చివర "ఎల్‌డీ వేసే మా హక్కుకు భంగం లేకుండా" అన్న ముక్క ఎందుకుంటుందో ఆ రోజు తెలిసింది. ఎల్‌డీ అంటే ఆలస్యానికి ఇంత అని అగ్రిమెంట్‌లో ముందే రాసుకున్న పరిహారం. నేను దాన్ని "ఇట్లు భవదీయ" లాంటిదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

సెక్షన్ 74 కూడా అంతే. ఎల్‌డీ 10 శాతమని రాసుంటే 10 శాతమూ కోసేస్తారని మా ఆఫీసంతా నమ్మేది. రాసిన మొత్తం పైహద్దు మాత్రమేనని, దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పించాలని చట్టం. నష్టమే జరగనిచోట పరిహారం ఉండదని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలిశాక క్లయింట్ ముందు కూర్చునే తీరే మారిపోయింది.

నా ఫీజు మాత్రం ఫిడిక్ (నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే నమూనా కాంట్రాక్టులు) క్లాసులో వసూలైంది. 1999 రెడ్ బుక్‌లో 20.1 క్లాజు ఉంది. అదనపు సమయం గానీ డబ్బు గానీ కావాలంటే, కారణం తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, లేదంటే రెండూ పోతాయి. మన చట్టంలో సెక్షన్ 28 ఉంది కదా, హక్కును చంపేసే గడువు చెల్లదు కదా అని క్లాసులో ఒకరు అడిగారు. సారు నవ్వి, "ఆ వాదన ఆర్బిట్రేషన్‌లో చేసుకో నాయనా, ముందు లెటర్ పంపు" అన్నారు. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తగవు తేల్చుకోవడం.

2023లో మా సైటొకటి కరెంటు స్తంభాలు తీయక ఆగిపోయింది. పాత పద్ధతిలో అయితే ఫోన్ చేసి ఊరుకునేవాళ్లం. ఈసారి రెండో వారంలోనే లెటర్ వెళ్లింది, పనికి వచ్చిన ఆటంకాలు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్‌లో క్లయింట్ ఇంజనీర్ సంతకమూ పడింది. గడువు 110 రోజులు పొడిగించమంటే 74 ఇచ్చారు, ఎల్‌డీ లేదు. కష్టమంతా సైటు వాళ్లతో రాయించడంలోనే ఉంది. మా కుర్రాళ్లు చాలామంది తెలుగు మీడియం, ఇంగ్లీషు లెటర్ అంటే "ఫోన్లో చెప్పాం కదా సార్" అంటారు. అందుకే నాలుగు లైన్ల నమూనా చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను: ఏ తేదీ నుంచి, ఏ పని, ఎందుకు ఆగింది, ఎంతమంది ఖాళీగా ఉన్నారు. మిగతాది నేను దిద్దుకుంటాను. ఇలాంటిది కోర్సులో చెప్పలేదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. మాలాంటి వాళ్లకు పెద్ద కంపెనీ ఇచ్చేది ఒకటిన్నర పేజీ వర్క్ ఆర్డర్. అందులో "మాకు డబ్బు వచ్చాకే మీకు" అని ఒక లైను. దాని గురించి ఒక్క క్లాసూ లేదు. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని మాత్రం ఘనంగా చెప్పారు. సామాను, పని కలిపి చేసే వర్క్స్ కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి రావని బాంబే హైకోర్టు తీర్పులున్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ధీమాగా నోటీసు పంపితే, అవతలి లాయరు ఆ తీర్పులే జతచేసి తిప్పి పంపాడు. పరువు పోయింది.

ఆర్బిట్రేషన్ నోట్సయితే పాత సరుకే. వివాదంలో ఉన్న పార్టీ తనొక్కతే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. 2021లో మాకిచ్చిన పుస్తకంలో "యజమాని ఎండీ నియమిస్తారు" అనే ఉంది. అడిగితే అప్‌డేట్ చేస్తామన్నారు.

సాఫ్ట్‌వేర్ డెమోలకు రెండు వారాలు దండగ. బేరసారాల రోల్ ప్లే సరదాగా సాగింది గానీ, ప్రభుత్వ టెండర్ల షరతుల్లో బేరమాడేది ఏముంటుంది? అడిగేదేదో టెండరు వేసేముందు జరిగే ప్రీ-బిడ్ మీటింగ్‌లోనే అడగాలి. దానికిచ్చింది అరపూట.

మార్కులంటే ఐదుకు మూడు. ఉద్యోగంలో నాలుగైదేళ్లు గడిచి, ఒక్కసారైనా బిల్లు ఆగిన నొప్పి తెలిసినవాళ్లు చేరొచ్చు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు ఇది బట్టీ చదువే. సర్టిఫికెట్ చూపించమని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది మా జూనియర్ని కూడా పంపుదామని ఎండీ గారు అన్నారు. మొదటి మూడు నెలలకే ఫీజు కడతామంటే సంస్థ వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని శనివారం సాయంత్రాలు నా నోట్సు ముందేసుకుని నేనే చెబుతున్నాను. పోయిన వారం సెక్షన్ 55 అయింది. సోమవారం పొద్దున్నే పాత ఫైళ్లన్నీ తిరగేసి, క్లయింట్ ఆ ముక్క రాయడం మర్చిపోయిన లెటర్ ఒకటి పట్టుకొచ్చాడు.