గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ చాలదు

కంప్యూటర్ డిగ్రీ లేకపోయినా హెల్ప్‌డెస్క్ ఉద్యోగంలోకి రావాలనుకునేవాళ్లు ఏ కోర్సు చేయమంటారని అడిగితే నేను ముందు చెప్పే పేరు గూగుల్ ఐటీ సపోర్ట్ ప్రొఫెషనల్ సర్టిఫికెట్. ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో 2018 నుంచి ఉంది. నేనూ ఇది పూర్తిచేశాకే సర్వీస్ డెస్క్‌లో చేరాను. ఇప్పుడు మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పేది నేనే. ఏ కోర్సు చదివినవాళ్లు ఉద్యోగంలో ఎక్కడ తడబడుతున్నారో రోజూ చూస్తున్నాను కాబట్టి, అది దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఇందులో ప్రధానంగా ఐదు కోర్సులున్నాయి. మొదటిది కంప్యూటర్ ప్రాథమికాలు, కస్టమర్‌తో మాట్లాడే తీరు. తర్వాత వరుసగా నెట్‌వర్కింగ్, విండోస్-లైనక్స్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, సెక్యూరిటీ. పాఠాలు చెప్పేవాళ్లు గూగుల్ ఉద్యోగులే. ఏమీ తెలియకుండా మొదలుపెట్టినవాళ్లకు కూడా అందుతుంది.

వీటిలో నెట్‌వర్కింగ్ కోర్సుకే నా మొదటి మార్కు. కేబుల్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో లేయర్ (నెట్‌వర్క్ పనిలో ఒక్కో అంచె) పైకి తీసుకెళ్తారు. ఆ వరుస మనసులో నాటుకుంటే సగం ఉద్యోగం వచ్చేసినట్టే. ‘నెట్ రావట్లేదు’ అని ఫోన్ వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే మెషీన్ నెట్‌వర్క్ అడ్రస్ (ఐపీ అడ్రస్) 169.254తో మొదలవుతోంది. అంటే ఆ మెషీన్‌కు నెట్‌వర్క్‌లోని మెషీన్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ అందలేదు. చూడాల్సింది కేబుల్, వైఫై, స్విచ్ పోర్ట్, డీహెచ్‌సీపీ. బ్రౌజర్‌లో కుకీలు తుడుస్తూ కూర్చుంటే టైమ్ వేస్ట్. అదే అడ్రస్ బాగానే ఉండి, గూగుల్ సర్వర్ అయిన 8.8.8.8కి పింగ్ (అవతలి మెషీన్ అందుతోందో లేదో చూసే కమాండ్) వెళ్తూ, సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే ముందు అనుమానించాల్సింది సైట్ పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్‌ని. ఈ రెండు కేసులూ విడమరిచి చెప్పగలిగిన అభ్యర్థిని నేను సర్టిఫికెట్ అడగకుండానే తర్వాతి రౌండ్‌కు పంపిస్తాను.

నాలుగో కోర్సుకు వచ్చేసరికి చాలామంది అలసిపోయి వీడియోలు వేగంగా తిప్పేస్తారు. దయచేసి అలా చేయకండి. డైరెక్టరీ సర్వీసెస్ (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల వివరాలను ఒకేచోట నడపడం), అందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే యాక్టివ్ డైరెక్టరీ, చాలా మెషీన్లకు ఒకేసారి సెట్టింగ్‌లు పెట్టే గ్రూప్ పాలసీ అన్నీ అక్కడే ఉన్నాయి. పాస్‌వర్డ్ రీసెట్లు, లాక్ అయిన అకౌంట్లు, షేర్డ్ ఫోల్డర్‌కు పర్మిషన్ లేదనే టికెట్లు (యూజర్ల ఫిర్యాదుల నమోదులు)... కొత్తగా చేరినవాళ్ల రోజంతా వీటితోనే గడుస్తుంది.

ఇక లోటు సంగతి. ల్యాబ్‌లు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ఇది సౌకర్యమే. కానీ చాలావాటిలో ఏం చేయాలో అడుగడుగునా రాసి ఉంటుంది. చెప్పినట్టు చేస్తే మార్కులు పడతాయి. డెస్క్ మీద కూర్చున్నప్పుడు ఆ అడుగులు రాసిచ్చేవాళ్లు ఉండరు, లోపం ఏమిటో కూడా మనమే కనుక్కోవాలి. ఈ ఒక్క విషయంలో కోర్సును నమ్ముకుని ఆగిపోకూడదు.

దానికి దారి ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఒకే ల్యాప్‌టాప్‌లో ఇంకొన్ని కంప్యూటర్లు (వర్చువల్ మెషీన్లు) నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితం. విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీని మైక్రోసాఫ్ట్ 180 రోజులకు ఉచితంగా ఇస్తుంది. మెమరీ కాస్త ఎక్కువున్న ల్యాప్‌టాప్ చాలు. ఒక వర్చువల్ మెషీన్‌లో డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీని నడిపి, లాగిన్లు చూసే సర్వర్) పెట్టి, ఇంకో దాంట్లో విండోస్ ప్రో వేసి ఆ డొమైన్‌లో చేర్చండి. తర్వాత కావాలనే పాడుచేయండి. క్లయింట్‌కు (ఆ రెండో మెషీన్‌కు) తప్పు డీఎన్ఎస్ సర్వర్ ఇచ్చి మళ్లీ డొమైన్‌లో చేర్చి చూడండి, కుదరదు. ఎందుకంటే క్లయింట్ డొమైన్ కంట్రోలర్‌ను వెతికేదే డీఎన్ఎస్ ద్వారా. ప్రింట్ పనులను క్యూలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపేసి ఏ ఎర్రర్ వస్తుందో చూడండి. లేదా స్నేహితుడితో పాడు చేయించి మీరు బాగుచేయండి. ఆ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది.

చేసిన ప్రతి పనికీ టికెట్ రాయడం అలవాటు చేసుకోండి. ‘ప్రింటర్ సమస్య, సరిచేశాం’ అని రాస్తే రేపు అదే సమస్య వచ్చినప్పుడు మీ తోటి ఉద్యోగికి ఏమీ ఉపయోగపడదు. ‘యూజర్‌కు ప్రింట్ వెళ్లడం లేదు, పక్క సీటులో వెళ్తోంది; క్యూలో ఒక ఫైల్ ఇరుక్కుంది; స్పూలర్ ఆపి, క్యూ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేశాం; టెస్ట్ పేజీ వచ్చింది, యూజర్ సరే అన్నారు’. ఇలా రాయాలి. మొదటి కోర్సులో డాక్యుమెంటేషన్ గురించి చెప్పారు కానీ, నా లెక్కన ఇంకా గట్టిగా సాధన చేయించాల్సింది.

కాంప్‌టియా సంస్థ ఇచ్చే ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ ఏ ప్లస్‌తో పోలిస్తే ఎలా అని అడిగేవాళ్లు చాలామంది. గూగుల్ సర్టిఫికెట్‌కు పర్యవేక్షణలో రాసే పరీక్ష లేదు, క్విజ్‌లూ ల్యాబ్‌లూ పూర్తిచేస్తే వచ్చేస్తుంది. ఏ ప్లస్‌కు రెండు పరీక్షలు. ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900 స్కేల్‌లో మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. చేసి చూపించాల్సిన ప్రశ్నలూ ఉంటాయి. ల్యాప్‌టాప్ విడిభాగాలు, ప్రింటర్లు, మొబైల్ పరికరాల మీద పట్టు దీనితోనే ఎక్కువ వస్తుంది. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. ఇప్పుడు నడుస్తున్నది 2025 మార్చిలో వచ్చిన 220-1201, 220-1202. పుస్తకం గానీ వీడియోలు గానీ కొనే ముందు ఈ నంబర్లు చూసుకోండి, పాత 1101, 1102 మెటీరియల్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఈ రంగంలోకి రావాలో వద్దో ఇంకా తేల్చుకోనివాళ్లు గూగుల్‌తో మొదలుపెట్టండి. తేల్చుకున్నాక, మీరు అప్లై చేసే ఉద్యోగ ప్రకటనల్లో ఏ ప్లస్ కనిపిస్తుంటే అప్పుడు పరీక్ష ఫీజు కట్టండి.

కోచింగ్ సెంటర్ల గురించి ఒక్క మాట. ఒక సెంటర్‌లో నెట్‌వర్కింగ్, క్లౌడ్, ఎథికల్ హ్యాకింగ్ అన్నీ ఒకే ప్యాకేజీలో చదివిన అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. తెలివైనవాడు. కానీ అక్కడ అతనికి ఇచ్చింది డంప్స్, అంటే పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ. ఐపీ అడ్రస్‌కూ మ్యాక్ అడ్రస్‌కూ (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే నంబర్) తేడా అడిగితే నిర్వచనాలు గడగడా చెప్పాడు, తన ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ చూపించమంటే ఆగిపోయాడు. తప్పు అతనిది కాదు, ఫీజు తీసుకుని అలా పంపించినవాళ్లది. నాకు నిజంగా బాధేసింది. పైగా డంప్స్ వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కాంప్‌టియాకు ఉంది. ఆ దెబ్బ తగిలేది విద్యార్థికే.

సెంటర్‌లోనే నేర్చుకోవాలనుకుంటే సిలబస్ కాగితం పక్కన పెట్టి ల్యాబ్ చూపించమనండి. పాడైన మెషీన్ ముందు విద్యార్థిని కూర్చోబెట్టి, జవాబు చెప్పకుండా పక్కన నిలబడే టీచర్ ఉన్నారో లేదో చూడండి. ఉంటే ఆన్‌లైన్ కోర్సు కన్నా అక్కడే చేరండి.