కిడ్నీలో రాయి: బయటి నుంచి షాక్ వేవా, లోపలికెళ్లి లేజరా? ఏది మేలు?

కిడ్నీలో సెంటీమీటరు, సెంటీమీటరున్నర రాయి ఉందని తేలితే సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి షాక్ వేవ్ లిథోట్రిప్సీ, అంటే ఒంటి బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పగలగొట్టడం. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. అప్పట్లో రోగిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారు, ఇప్పుడు యంత్రానికుండే నీటి దిండుకీ చర్మానికీ మధ్య జెల్ చాలు. రెండోది ఫ్లెక్సిబుల్ యూరెటెరోస్కోపీ. మత్తిచ్చి, మూత్రమార్గం గుండా సన్నటి స్కోపును కిడ్నీ దాకా పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. రెండింటికీ కోత లేదు. రాయి రెండు సెంటీమీటర్లు దాటితే ఈ పోలికతో పెద్దగా పనిలేదు, వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసే పీసీఎన్ఎల్ వైపే మొగ్గాలి.

ఒంట్లోకి ఏదీ పోదనగానే మనసు షాక్ వేవ్ మీదకే పోతుంది. ఆగి సీటీ రిపోర్టు చూడండి. రాయి సాంద్రత 1000 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రతకు కొలత) దాటిందా? చర్మం నుంచి రాయికి దూరం 10 సెంటీమీటర్ల పైన ఉందా? ఈ రెంటిలో ఏది ఉన్నా షాక్ వేవ్‌కి పట్టు తగ్గుతుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కట్టిన రాయి మాత్రం అంకె తక్కువ చూపించినా మొండికేస్తుంది. ఇక రాయి కిడ్నీ కింది అరలో ఉంటే ఇంకో చిక్కు: షాక్ వేవ్ పగలగొట్టడం వరకే చేస్తుంది, ముక్కలను బయటికి పంపే పని మూత్రానిది. ఆ అరకు మెడ సన్నగా, వంపు నిటారుగా ఉంటే పగిలిన ముక్కలు గిన్నె అడుగున ఇసుకలా అక్కడే కూర్చుంటాయి. యూరిక్ యాసిడ్ రాయైతే ఈ రెంటికన్నా ముందు పొటాషియం సిట్రేట్ మందుతో కరుగుతుందేమో అడగండి.

షాక్ వేవ్ ఫలితం చేసే తీరును బట్టి చాలా మారుతుంది. ఒక విడతలో సుమారు 2000 నుంచి 3000 దెబ్బలు. నిమిషానికి 60 చొప్పున 3000 కొట్టడానికి 50 నిమిషాలు పడుతుంది, 120 చొప్పున కొడితే 25 నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తొందరే చేటు. ప్రతి దెబ్బకీ రాయి చుట్టూ పుట్టే సూక్ష్మ బుడగలు ఆరకముందే తర్వాతి తరంగం వస్తే, దాని బలాన్ని అవే మింగేస్తాయి. తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే కిడ్నీలో రక్తస్రావం ముప్పు కూడా తగ్గుతుంది. జెల్ సంగతి చాలామంది పట్టించుకోరు. సీసా నుంచి నేరుగా కుప్పగా పోసి, దిండును దాని మీదకు నొక్కాలి. చేత్తో పులిమితే గాలి బుడగలు చిక్కుకుని తరంగాన్ని అక్కడే వెనక్కి తిప్పేస్తాయి. మధ్యలో రోగి కదిలి దిండు ఊడితే మళ్లీ జెల్ వేయాల్సిందే.

లేజర్‌కి రాయి గట్టిదనంతో పేచీ లేదు, కింది అరలోకీ స్కోపు వంగి వెళ్తుంది. కానీ చాలాసార్లు ఒకటి రెండు వారాలు డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం) ఉంచుతారు. మంట, మాటిమాటికీ మూత్రం, పోసేటప్పుడు నడుములో పోటు తప్పకపోవచ్చు. మూత్రనాళం ఇరుకైతే ఆ రోజు స్టెంట్ వేసి, వారం రెండు వారాలాగి మళ్లీ చేయాలి. లోపలికి పంపే నీటి ఒత్తిడి పెరిగితే బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కుతుంది, అందుకే ముందు యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) తప్పనిసరి. స్టెంట్ తీయించే తేదీ రాసిపెట్టుకోండి. నెలల తరబడి మరిచిపోతే దాని మీదే రాయి కడుతుంది.

గర్భిణులకూ, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లకూ, తరంగం దారిలో ధమని ఉబ్బు ఉన్నవాళ్లకూ షాక్ వేవ్ అసలు వద్దు. రక్తం పలచబరిచే మందు ఆపలేనివాళ్లకు లేజరే నయం.

ఎనిమిది మిల్లీమీటర్లు, 700 యూనిట్లు, కిడ్నీ నడిమి గదిలో ఉన్న రాయికి మా ఓటు షాక్ వేవ్‌కే. పదిహేను మిల్లీమీటర్లు, 1300 యూనిట్లు, కింది అర అయితే నేరుగా లేజర్‌కి వెళ్లండి. రెండు విడతల షాక్ వేవ్‌కి బీట కూడా పడని రాయికి మూడోది చేయించడం దండగ. షాక్ వేవ్ అయ్యాక మూత్రం కొద్దిగా ఎర్రబడటం మామూలే. చలితో జ్వరం, ఆగని నడుంనొప్పి వస్తే మాత్రం ముక్కలు మూత్రనాళంలో వరసగా ఇరుక్కున్నాయేమోనని అనుమానించి, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.