ఫ్లారెన్స్‌లో చదువుకుంటూ చూడాల్సినవి, కొనాల్సినవి: బ్రొంజీనో పటం నుంచి తోలు బెల్టు దాకా

ఫ్లారెన్స్‌కి చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది మూడు పనులు విడివిడిగా చేస్తారు. ఒకరోజు ఉఫీజీ గ్యాలరీ, ఇంకోరోజు వియా తొర్నాబువోనీ వీధిలో పెద్ద బ్రాండ్ల అద్దాలు, వెళ్లిపోయే ముందు శాన్ లొరెంజో సంతలో ఓ తోలు సంచీ. ఈ మూడూ ఒకే కథలో భాగాలు. ఈ ఊరికి డబ్బు తెచ్చినవి ఉన్ని, పట్టు, బ్యాంకులు. ఆ డబ్బున్నవాళ్లే చిత్రకారులకు పని ఇచ్చారు. అందుకే ఇక్కడి పటాల్లో బట్టను అంత శ్రద్ధగా గీశారు. ఆ వరుసలో చూస్తే ఏది డబ్బుకు తగ్గది, ఏది కాదు అన్నది ఈ సమీక్ష.

మొదలు ఉఫీజీతోనే పెట్టాలి, చిత్రకారుడు బొత్తిచెల్లి పటాలున్న గదులతో మాత్రం కాదు. బట్టల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందు వెతకాల్సింది చిత్రకారుడు బ్రొంజీనో 1545 ప్రాంతంలో గీసిన ఎలియొనోరా ది తొలేదో పటం. ఆమె ఫ్లారెన్స్ పాలకుడు డ్యూక్ మొదటి కొసీమో భార్య. పక్కన చిన్న కొడుకు జొవాన్ని ఉంటాడు. పటంలో సగం పైగా ఆమె గౌనే: తెల్లటి పట్టు మీద నల్లటి తీగలు, మధ్యలో బంగారు జరీతో నేసిన దానిమ్మ. దగ్గరికి వెళ్లి చూస్తే జరీ దారం చిన్న చిన్న ఉచ్చులుగా పైకి లేచిన చోట్లు కూడా రంగులో పట్టుబడ్డాయి. నేత గురించి ఏమాత్రం తెలిసినా ఈ ఒక్క పటం ముందు అరగంట గడపవచ్చు.

టికెట్ విషయంలో చాలామంది పొరబడతారు. పూర్తి టికెట్ 25 యూరోలు, ముందుగా బుక్ చేసుకుంటే రుసుము మరో 4 యూరోలు. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు 2 యూరోల టికెట్ ఉందని విని సంబరపడతారు కానీ అది ప్రధానంగా యూరోపియన్ యూనియన్ పౌరులకు. ఇటలీలో చదువుతున్నంత మాత్రాన భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అది వర్తించదు. అయితే అంతగా ప్రచారం లేని దారి ఇంకొకటుంది. యూనియన్ దేశాల విశ్వవిద్యాలయాల్లో ఆర్కిటెక్చర్, వారసత్వ సంపద పరిరక్షణ, పురావస్తు శాస్త్రం, కళా చరిత్ర చదివేవాళ్లకు, లలిత కళల అకాడమీల విద్యార్థులకు ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, కోర్సు. టికెట్ కిటికీ దగ్గర ఆ విద్యా సంవత్సరపు నమోదు పత్రం చూపించాలి. ఫొటో ఉన్న విద్యార్థి కార్డు ఒక్కటే చూపిస్తే చాలాసార్లు ఒప్పుకోరు, ఎందుకంటే దాని మీద విభాగం పేరు ఉండదు. ప్రైవేటు సంస్థల్లో ఫ్యాషన్ కోర్సు చేసేవాళ్లు ఈ జాబితాలోకి సాధారణంగా రారు. వాళ్లకు మిగిలేది నెలలో మొదటి ఆదివారం, ఆరోజు అందరికీ ఉచితం. వరుస మాత్రం భవనం చుట్టూ తిరుగుతుంది. గ్యాలరీ తెరవకముందే వెళ్లి నిలబడగలిగితేనే ఆ రోజు ఎంచుకోవాలి. సోమవారం సెలవు. అర లీటరు దాటిన నీళ్ల సీసాలు లోపలికి రానివ్వరు, పెద్ద బ్యాక్‌ప్యాక్ సామాను గదిలో పెట్టాలి. ఫ్లాష్, సెల్ఫీ కర్ర నిషేధం.

నది దాటితే పిత్తి రాజభవనం. దాన్ని పదహారో శతాబ్దం మధ్యలో కొన్నది ఆ పటంలో ఉన్న ఎలియొనోరాయే. ఇందులో మెరిదియానా అనే దక్షిణ భాగంలో ఉన్న వేషధారణ, ఫ్యాషన్ మ్యూజియం 1983లో మొదలైంది. ఇటలీలో ఫ్యాషన్ చరిత్రకే కేటాయించిన తొలి ప్రభుత్వ మ్యూజియం ఇదే. ఫ్లారెన్స్‌లో ఒక్క మ్యూజియానికే డబ్బు పెట్టగలిగితే, బట్టల మీద పని చేసే విద్యార్థి దీనికే పెట్టాలి. కొసీమో, ఎలియొనోరా, వాళ్ల కొడుకు గార్సియా సమాధుల నుంచి తీసిన దుస్తులు ఈ సేకరణలో ఉన్నాయి. పటంలో ఉన్న గౌనులోనే ఎలియొనోరాను పూడ్చారని చాలాకాలం నమ్మారు. అది నిజం కాదు. సమాధిలో దొరికింది వేరే గౌను, దానికన్నా చాలా సాదాది, శాటిన్ మీద మఖ్మల్ పట్టీలు కుట్టినది. పటం చూసి వచ్చినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది: ఒకటి లోకానికి చూపించడానికి గీయించుకున్న బట్ట, ఇంకొకటి నిజంగా ఒంటి మీద ఉన్న బట్ట. కుట్లు, ముడతలు, నడుము దగ్గర కత్తిరింపు పటం చెప్పదు, గుడ్డే చెబుతుంది.

లోపాలూ ఉన్నాయి. గదులు చీకటిగా ఉంటాయి. పాత బట్టల మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకుండా చూడటం మ్యూజియాల్లో ఉన్న పద్ధతి. పట్టు మీద వెలుగు చేసే నష్టం పోగుపడుతూనే ఉంటుంది, తిరిగి బాగుచేయలేం. అందుకే ప్రదర్శనలో ఉన్నవాటిని మారుస్తూ, కొన్నాళ్లు చూపించినవాటిని గోదాములో విశ్రాంతికి పంపుతారు. ఫలానా గౌను చూడాలని ఆశపెట్టుకుని వెళ్లి, అది లేదని నిరాశపడేవాళ్లు ఎక్కువ. వెళ్లే వారంలో ఏ ప్రదర్శన నడుస్తోందో మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోండి. ఎండలోంచి నేరుగా లోపలికి వస్తే మొదటి గదిలో ఏమీ కనబడదు, ఐదు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి. ఇంకో ఇబ్బంది, పిత్తి టికెట్‌లో పాలటైన్ గ్యాలరీ, డ్యూకుల ఖజానా, ఆధునిక కళా గ్యాలరీ కూడా కలిసే ఉంటాయి. జనం మొదట పాలటైన్‌లోకి వెళ్లి, నేల నుంచి కప్పు దాకా వేలాడదీసిన రాఫేల్, తిషియన్ పటాల మధ్య అలసిపోయి, బట్టల గదులకు వచ్చేసరికి కాళ్లీడుస్తారు. ఈ వరుస తిప్పేయండి. బట్టలు ముందు, పటాలు తర్వాత. టికెట్ 16 యూరోల దగ్గర ఉంటుంది, బొబోలి తోటకు వేరే టికెట్. ఇక్కడా సోమవారం సెలవే. ధరలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి కొనే ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

పాలటైన్ వైపు వెళ్లినప్పుడు తెల్ల గది, సాలా బియాంకా, వదలకండి. 1951 ఫిబ్రవరిలో జొవాన్ని బత్తీస్తా జొర్జీని అనే వ్యాపారి అమెరికన్ కొనుగోలుదారులను పిలిచి, తన ఇంట్లోనే ఇటాలియన్ డిజైనర్ల దుస్తులు చూపించాడు. మరుసటి ఏడాది నుంచి ఆ ప్రదర్శనలు ఈ గదికి మారాయి, 1982 దాకా ఇక్కడే సాగాయి. పారిస్‌ను నకలు చేయడం కాకుండా ఇటలీ తన పేరుతో బట్టలు అమ్ముకోవడం మొదలైంది ఇక్కడే. ఇప్పుడు గదిలో షాండ్లియర్లు, తెల్లటి గోడల అలంకారం తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఈ సంగతి తెలియనివాళ్లు అర నిమిషంలో దాటిపోతారు. పురుషుల దుస్తుల వ్యాపార ప్రదర్శన పిత్తి ఉవోమో మాత్రం ఏటా జనవరి, జూన్‌లలో ఫొర్తెత్సా ద బాసో కోటలో జరుగుతుంది. అది వ్యాపారులకు, పత్రికలవాళ్లకు ఉద్దేశించినది. కళాశాల ద్వారా ప్రవేశం దొరికితే వెళ్లండి, లేకపోయినా కోట బయట నిలబడితే వచ్చిపోయేవాళ్ల కుట్టుపని చూడొచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు.

శాంతా త్రీనితా చౌరస్తాలో స్పీనీ ఫెరోనీ భవనం కింద అంతస్తులో చెప్పుల బ్రాండు ఫెర్రగామో మ్యూజియం ఉంది, 1995లో తెరిచారు. చిన్నది, గంటన్నరలో అయిపోతుంది. ఒక బ్రాండు తన గురించి తానే చెప్పుకునే చోటు కాబట్టి పొగడ్త ఎక్కువగానే ఉంటుంది. అయినా ఎందుకు వెళ్లాలంటే, వస్తువుల కొరత డిజైన్‌ను ఎలా మారుస్తుందో ఇంత సూటిగా చూపించే చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. 1935లో ఇథియోపియా మీద దాడి తర్వాత ఇటలీ మీద ఆంక్షలు వచ్చాయి. చెప్పు నడుమ భాగాన్ని నిలబెట్టే మంచి ఉక్కు పట్టీ దొరకడం కష్టమైంది. నాసిరకం ఉక్కు విరిగిపోతుంటే, మడమ నుంచి ముందు పాదం దాకా ఉన్న ఖాళీని బ్రాండు స్థాపకుడు ఫెర్రగామో బెరడు కార్క్‌తో నింపేశాడు. వెడ్జ్ హీల్ అలా పుట్టింది. 1947 నాటి ‘కనిపించని చెప్పు’లో పైభాగం అంతా నైలాన్ దారమే. ప్రదర్శనలు విషయాన్ని బట్టి మారుతుంటాయి, ఇక్కడ కూడా ఏం నడుస్తోందో చూసుకునే వెళ్లాలి.

డబ్బు ఖర్చు కాకుండా వస్తువు తయారయ్యే తీరు చూడాలంటే శాంతా క్రోచె చర్చి వెనుక ఉన్న తోలు పాఠశాల, స్కువోలా దెల్ కువోయో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అనాథ పిల్లలకు పని నేర్పడానికి ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, తోలు పనివాళ్ల కుటుంబాలతో కలిసి 1950లో స్థాపించారు. ప్రవేశం ఉచితం. పాత మఠం వసారాలో బల్లల ముందు పనివాళ్లు తోలు కత్తిరిస్తూ, అంచులు చెక్కుతూ కనిపిస్తారు. పని జరిగే రోజుల్లో వెళ్లాలి, సెలవురోజు వెళ్తే మిగిలేది దుకాణమే. చిరునామా వియా శాన్ జుసెప్పె, 5ఆర్. ఆ ‘ఆర్’ అంటే రొస్సో, ఎర్ర అని; దాన్ని పట్టించుకోకపోతే దారి తప్పుతారు. ఫ్లారెన్స్‌లో దుకాణాలకు ఎర్ర అంకెలు, ఇళ్లకు నలుపు లేదా నీలం అంకెలు, రెండు వరుసలూ విడిగా నడుస్తాయి. మామూలు 5వ నంబరు ఇంటికీ, ఎర్ర 5కీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. ఇక్కడి సామాను ధర సంతకన్నా బాగా ఎక్కువ. కొనకపోయినా ఫర్వాలేదు. మంచి అంచు ఎలా ఉంటుందో వేలితో తడిమి గుర్తుపెట్టుకోండి, సంతలో అదే పనికొస్తుంది.

శాన్ లొరెంజో సంతను పూర్తిగా కొట్టిపారేయలేం, అయితే అక్కడ చూడాల్సినవాటి మీదే కన్ను ఉండాలి. లైటర్ వెలిగించి తోలు మీద తిప్పి ‘చూశారా, కాలలేదు’ అని చూపించేదాన్ని నమ్మకండి. పైన ప్లాస్టిక్ పూత వేసిన నాసి తోలు కూడా ఆ రెండు క్షణాలు తట్టుకుంటుంది. వాసన కూడా నమ్మదగ్గది కాదు, అది పిచికారీ చేయొచ్చు. సంచీని తిరగేసి లోపల అస్తరు లేని చోటు వెతకండి. అసలు తోలు వెనుకభాగం నూగుగా, పీచుగా ఉంటుంది. గుడ్డ అల్లిక కనబడితే అది పూత వేసిన బట్ట. తోలు పొట్టును పొడి చేసి జిగురుతో అతికించిన రకం ఒకటుంది, అంచు చూస్తే నున్నగా, పొరలు లేకుండా అట్టముక్కలా ఉంటుంది. ఒకట్రెండేళ్లలో పైపొర పెచ్చులుగా ఊడుతుంది. అంచు మీద మందంగా రంగు పూసి ఉంటే దాచడానికి ఏదో ఉందని అనుమానించాలి. బెల్టు కొంటే ఒకే ముక్కది, మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందంలో తీసుకోండి. రెండు పలచటి ముక్కలు అతికించి కుట్టినది బకిల్ వంగే చోట మొదట విడిపోతుంది. ‘ఇటలీలో తయారీ’ అన్న ముద్ర ఎక్కడ కుట్టారో చెబుతుంది, తోలు నాణ్యత చెప్పదు.

టస్కనీ ప్రత్యేకత చెట్ల బెరడు, కలప రసాలతో పదును చేసిన, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా శుద్ధి చేసిన, తోలు. చెస్ట్‌నట్, మిమోసా, కెబ్రాచో చెట్ల టానిన్లు వాడతారు, వారాల తరబడి సాగే పని. శాంతా క్రోచె సుల్లార్నో అనే ఊరి చుట్టుపక్కల ఈ శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. వాటి సంఘం ఇచ్చే వరుస సంఖ్య ఉన్న హామీ కార్డు వస్తువుతోపాటు వస్తే నమ్మొచ్చు. ఈ తోలు కొత్తలో గట్టిగా, లేత రంగులో ఉండి వాడేకొద్దీ ముదురుతుంది. వాన చుక్కలు పడితే మచ్చ పడుతుంది. తడిస్తే హీటర్ దగ్గర పెట్టకండి, పగిలిపోతుంది. లోపల కాగితం కుక్కి నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి, ఆ తర్వాత రంగులేని క్రీము పలచగా రాయాలి. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు వానను తట్టుకుంటుంది, మెత్తగా ఉంటుంది, కానీ వయసుతో అందం రాదు. రోజూ సైకిల్ మీద తరగతికి వెళ్లేవాళ్లకు నిజానికి క్రోమ్ తోలు సంచీయే మేలు.

చెప్పులకు యూరప్‌లో గుర్తులున్నాయి: చర్మం ఆకారం అంటే తోలు, వలలాంటి గుర్తు అంటే బట్ట, ఖాళీ డైమండ్ ఆకారం అంటే ఇతర పదార్థాలు. పైభాగం, అస్తరు, అడుగుభాగం మూడింటికీ విడిగా చూడాలి. కాలిబాట మీద దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండ్ల జోలికి వెళ్లొద్దు. ఇటలీలో కొన్నవాళ్లకు కూడా జరిమానా ఉంది, అది 7,000 యూరోల దాకా పోవచ్చు. దుకాణంలో కొన్న వస్తువును మనసు మారిందని వెనక్కిచ్చే హక్కు చట్టంలో లేదు, పద్నాలుగు రోజుల గడువు ఆన్‌లైన్ కొనుగోళ్లకే. లోపం ఉంటే మాత్రం రెండేళ్ల హామీ ఉంటుంది, దానికి రసీదు కావాలి. వేడికి ఆ రసీదు కాగితం వెలిసిపోతుంది కాబట్టి కొన్నరోజే ఫొటో తీసి పెట్టుకోండి. పెద్ద తగ్గింపులు ఏడాదికి రెండుసార్లు, జనవరి మొదట్లో ఒకటి, జూలై మొదట్లో మరొకటి. మొదటి వారం సైజులు దొరుకుతాయి, చివరి వారాల్లో ధర ఇంకా దిగుతుంది కానీ మిగిలేవి ఎవరికీ సరిపోనివే.

ఒక ఆదివారం ఖాళీ ఉంటే ప్రాతోకు వెళ్లండి, రీజనల్ రైల్లో అరగంట లోపే. అక్కడి వస్త్ర మ్యూజియం 1975లో మొదలై, 2003 నుంచి కంపోల్మి అనే పాత బట్టల మిల్లులో ఉంది. ప్రాతో పాత ఉన్ని గుడ్డలను విడదీసి, మళ్లీ వడికి కొత్త బట్ట చేసే ఊరు. పర్యావరణం గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుకునే పనిని వీళ్లు వందేళ్లకు పైగా బతుకుతెరువుగా చేస్తున్నారు. ఫ్లారెన్స్ రద్దీలో సగం కూడా ఉండదు. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే జరిమానా టికెట్ ధరకు ఎన్నో రెట్లు.