ఫ్రేము విప్పవద్దని చెప్పేవాళ్ళ దగ్గర కిసో చిత్రాలు కొనకండి

గంట కిందటే ఫ్రేము విప్పాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమ్మినవారి పేరు రాయను. జపాన్‌లో ఉంటూ పాత అచ్చు చిత్రాల కోసం వెతికే మనవాళ్ళకు ఎవరో ఈపాటికి అర్థమై ఉంటుంది.

నేను కొన్నది సెబా అనే మజిలీ ఊరి బొమ్మ. ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకు కొండల మీదుగా వెళ్ళే పాత కిసో రహదారి మజిలీల మీద, 1835 ప్రాంతంలో ఎయిసెన్ అనే చిత్రకారుడు మొదలుపెట్టగా హిరోషిగే అనే ఇంకో చిత్రకారుడు పూర్తిచేసిన చెక్క అచ్చు చిత్రాల వరుసలోది. మాగోమె నుంచి త్సుమాగో దాకా ఆ కొండదారిలో నడిచి వచ్చినప్పటి నుంచి ఒక్క బొమ్మైనా ఇంట్లో ఉండాలని ఆశ. నిండు చంద్రుడు, గాలికి వంగిన చెట్లు, ఏట్లో ఒక పడవ, వెనక ఒక తెప్ప. ధర 85,000 యెన్‌లు. ఎదో కాలపు, అంటే 1868కి ముందటి, అసలు ప్రతి అన్నారు. అంచులు కత్తిరించి ఉన్నాయి, నడుమ మడత ఉంది, పురుగు తిన్న కన్నం ఉంది, అందుకే ఇంత తక్కువకు ఇస్తున్నాం అన్నారు. ఫొటోలో మడతా కన్నమూ కనిపించాయి. నమ్మాను. ఫ్రేము మాత్రం విప్పవద్దన్నారు, కాగితం పెళుసుబారిందట.

ఈ రోజు ఒక మూల కాగితం మరీ తెల్లగా కనిపించింది. అనుమానం వచ్చి విప్పాను. మడతను వేలితో తడిమాను. ఏమీ తగలలేదు, నున్నగా ఉంది. మడత కూడా అచ్చే! పురుగు తిన్న కన్నాన్ని దీపానికి ఎదురుగా పట్టాను. వెలుతురు రాలేదు. అది గోధుమరంగు మచ్చ, పక్కన సన్నటి నీడతో సహా. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెడితే చంద్రుడి అంచు నిండా నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు. చెక్క దిమ్మతో వేసిన రంగు అలా చుక్కలుగా పడదు. ఎక్కడో ఉన్న పాత ప్రతిని ఫొటో తీసి యంత్రం మీద అచ్చువేశారు.

వెంటనే ఫోను చేశాను. "బొమ్మ అదే కదండీ. గోడకు పెట్టుకోవడానికి కొన్నారా, భూతద్దం పెట్టి చూడటానికి కొన్నారా?" అన్నారు. ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. ఫ్రేము విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోరట. విప్పకపోతే మోసం తెలియదు, విప్పితే డబ్బు రాదు.

నా మీద నాకే కోపంగా ఉంది. పెడనలో కలంకారీ అచ్చులు కొట్టే ఇంటి పక్కన పెరిగినదాన్ని. బట్ట తిప్పి వెనక చూడందే కొనకూడదని చిన్నప్పుడే తెలుసు. పైగా వాళ్ళ ప్రకటనలో "ఇద్దరు చిత్రకారులు కలిసి గీసిన బొమ్మ" అని ఉంది. ఆ వరుసలోని 71 చిత్రాల్లో 24 ఎయిసెన్‌వి, 47 హిరోషిగేవి. ఒక్కో బొమ్మ ఒక్కరిదే, సెబా హిరోషిగేది. తప్పని చదివినప్పుడే తెలిసినా, ఏదో పొరపాటులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మీరు మాత్రం ఫ్రేములోంచి తీసి, వెనకవైపు ఫొటో పంపమని అడగండి. చేత్తో అచ్చువేసిన కాగితానికి రంగు వెనక్కి దిగుతుంది, బారెన్‌తో (కాగితాన్ని దిమ్మకు అదిమి రుద్దే గుండ్రటి బిళ్ళతో) రుద్దిన జాడలు ఏటవాలు వెలుతురులో కనిపిస్తాయి. తర్వాతి కాలంలో దిమ్మలు కొత్తగా చెక్కి వేసిన ప్రతుల్లోనూ అవి ఉంటాయి కాబట్టి అంతటితో అసలుదని తేలదు. కానీ ఇలాంటి యంత్రపు అచ్చు మాత్రం మీ చేతికి రాదు. ఫొటో ఇవ్వం అని వాళ్ళంటే ఆ బొమ్మను వదిలేయండి.

కార్డు కంపెనీకి ఫిర్యాదు రాస్తున్నాను. డబ్బు వస్తే ఇక్కడే చెబుతాను.